అరుగు మీద బోణీ

యానాం,
9 జూన్ 1987

ఫిలూ,

నీకు రాసి నెల దాటింది. పనుల్లో మునిగిపోయానని అబద్ధం చెప్పను. బి.ఏ. పాసై ఇంట్లో కూర్చున్న ఆడపిల్లకి ఈ ఊళ్ళో ఉండే పనేమిటో నీకు తెలియందా? పొద్దున్న అప్పడాలు ఎండబెట్టడం, సాయంత్రం అవి ఎండాయా అని చూడడం. మధ్యలో ఎవరైనా పెళ్ళిచూపులకి వస్తే కాఫీ అందించడం. పోయిన వారం రామచంద్రపురం నించి ఒకాయన వచ్చి, "ఏదీ, ఇంగ్లీషులో ఓ ముక్క మాట్లాడమ్మా" అన్నాడు. "వాట్ ఈజ్ యువర్ సేలరీ?" అన్నాను. మళ్ళీ కబురు లేదు. నాన్న రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ ప్రశాంతంగా గడిచాయి.

అసలు విశేషం వేరే ఉంది. మా వీధికి ఆపద వచ్చింది. వీధి చివర ఏటివైపు ముళ్ళకంప పెరిగిన ఖాళీ జాగా గుర్తుందిగా? పోయినేడు వరదకి ఏటిగట్టున గుడిసెలు పోయినవాళ్ళకి అక్కడ నలభై ఇళ్ళు కడతారట. ఎవరో వచ్చి మేకులు పాతి, తాళ్ళు కట్టి వెళ్ళారు. ఆ రోజు నించి మావాళ్ళకి ఆ జాగా మీద ఎక్కడలేని మమకారం పుట్టుకొచ్చింది. నిన్నటిదాకా ఎవరింట్లో ఎలక చచ్చినా తోక పట్టుకుని అక్కడికే విసిరేవారు. ఇవాళ అది "ఊరికి ఊపిరితిత్తి". ఈ మాట మా ఎదురింటి ఉమామహేశ్వరం గారిది. ఫ్రెంచివాళ్ళ హయాంలో చిన్న గుమాస్తాగా చేసి, ఇప్పటికీ "మా దొర" అనందే మంచినీళ్ళు తాగని మనిషి, నువ్వెరుగుదువు.

మొన్న మా అరుగు మీదే మీటింగు.

"ఇప్పటికే ఊరు కిక్కిరిసిపోయిందండీ వీరభద్రరావు గారూ. రిక్షా ఎదురొస్తే మనిషి గోడకి బల్లిలా అతుక్కోవాల్సొస్తంది. ఇంకో నలభై కొంపలంటే, కుళాయి దగ్గర మన ఆడాళ్ళ గతేంటి?" అన్నారాయన.

"అవునండి, గాలి ఆడద్దా అండీ?" అన్నారు నాన్న.

మా మామ్మ సత్యవతమ్మ లోపల్నించి, "ఆ డొంకతిరుగుడంతా ఎందుకురా! చేపల కంపు భరించలేమని చెప్పండి" అని అరిచింది. ఆ పూట కంచంలో రెండో ముక్క ఎవరడిగి వేయించుకున్నారో నేను చెప్పక్కర్లేదు. వీళ్ళకి చేప వాసన వెయ్యదు, తెచ్చిన మనిషి వేస్తుంది.

పాండిచ్చేరి పెద్దాఫీసుకి అర్జీ పెట్టాలట. అక్కడ తెలుగు చదివేవాళ్ళు ఉండరు కాబట్టి ఇంగ్లీషులో ఉండాలట. అందరూ ఒక్కసారి నా వైపు తిరిగారు. నేను ఒప్పుకున్నాను. నువ్వు మూతి తిప్పుతావని తెలుసు. కానీ ఫిలూ, ఈ ఏడాదిలో నన్ను ఎవరైనా నిజంగా ఒక పని అడగడం ఇదే మొదలు.

మీ అమ్మ రోజూ వస్తూనే ఉంది. ఇప్పటికీ బోణీ నా చేతే. నేను మొదటి బేరం చేస్తే తట్ట మధ్యాహ్నానికల్లా ఖాళీ అవుతుందని ఆవిడ నమ్మకం. వరద తర్వాత కనకాలపేటలో మీ పిన్ని దగ్గర ఉంటోంది కదా, ఎలా ఉందో నాకు చెప్పదు. అరుగు కింద, కాలవ పక్కన, ఎండలో నిలబడి "బానే ఉన్నానమ్మా" అంటుంది. తట్ట అంచు పొరపాటున అరుగుకి తగిలితే మామ్మ రెండు చెంబుల నీళ్ళు కుమ్మరిస్తుంది. అందులోని చేప మాత్రం వంటింటిదాకా వెళ్ళొచ్చు. నువ్వైనా ఆవిడ సంగతి రాయి.

అప్పడాల అధికారిణి,
కామేశ్వరి


పాండిచ్చేరి,
20 జూన్ 1987

కామూ,

సేలరీ సంగతి మా హాస్టల్లో చదివి వినిపించాను. మలయాళీ పిల్లలక్కూడా నవ్వు ఆగలేదు. ఇక్కడ నర్సింగు ట్రైనింగులో నాకు రాత్రి డ్యూటీలు వేస్తున్నారు. పేషెంట్లు తమిళంలో మూలుగుతారు, నేను తెలుగులో ఓదారుస్తాను. నొప్పికి భాషేమిటిలే.

అమ్మ గురించి నువ్వు బెంగపడకు. పిన్ని ఇల్లు పెద్దదే. గాలి బాగా తగిలే చోటు అమ్మకిచ్చింది. వెలుతురుకి కరువు లేదు. పిన్ని బాగా చూసుకుంటుంది. మావాళ్ళలో వరదకి ఇల్లు పోయినవాళ్ళు ఎవరూ రోడ్డున పడలేదు. ఎవరికి వాళ్ళకి ఎవరో ఒకరున్నారు. మీ వీధివాళ్ళు జాలిపడాల్సినంత కష్టం మాకెవరికీ రాలేదని చెప్పు.

అర్జీ రాస్తే రాశావు. మామ్మగారి పాయింటు కూడా వేశావా లేదా? "చేపల కంపు"ని ఇంగ్లీషులో ఏమంటారో తెలుసుకోవాలని ఉంది.

ఆ నలభై ఇళ్ళూ ఎవరెవరికి ఇస్తున్నారో జాబితా కట్టారా? నీ కంటబడితే రాయి. ఊరికే అడిగాను.

కాళ్ళు వాచిన
ఫిలోమినా


యానాం,
6 జూలై 1987

ఫిలూ,

అర్జీ వెళ్ళిపోయింది! రిజిస్టర్డ్ పోస్టు. ఫుల్‌స్కేపు కాగితాలు మూడు, సంతకాలు నూట పన్నెండు. ఇంత బాగా నేను పరీక్షలో కూడా రాయలేదు.

మామ్మ పాయింటుని "పారిశుద్ధ్యం, పరిసరాల ఆహ్లాదం" కింద పెట్టాను. ఉమామహేశ్వరం గారు చదివించుకుని, ఒక్క ముక్క అర్థం కాకపోయినా, "మా దొర రాసినట్టే ఉందమ్మా" అన్నారు. వీధి వెడల్పు పదకొండు అడుగులేనని, ఇంత ఇరుకులోకి నలభై కుటుంబాలు దిగితే అంబులెన్సు కూడా రాదని రాశాను. మన యానాంలో అంబులెన్సు ఎవరు చూశారు? అయినా రాశాను. వీధి చివర గాలీ వెలుతురూ ఆగిపోతాయని ఒక పేరా మొత్తం రాశాను. అన్నిటికంటే గట్టి పాయింటు నీ చలవే. "వరదలో ఇళ్ళు కోల్పోయిన వారందరికీ బంధువులు ఆశ్రయమిచ్చారు. వారు సుఖంగా ఉన్నారు. కొత్త ఇళ్ళ అవసరం వారికి లేదు." నీ ఉత్తరం పక్కన పెట్టుకుని రాశానే.

కానీ సంతకాల దగ్గర మా వీధి వీరుల్ని చూసి తీరాలి. ఉమామహేశ్వరం గారికి పింఛను భయం. నాన్నకి కొట్టు లైసెన్సు భయం. పక్కింటాయనకి బావమరిది ఉద్యోగం భయం. అందరికీ ఇళ్ళు రాకూడదు, ఎవరి పేరూ కాగితం మీద ఉండకూడదు. నేను పెడతానంటే, "పెళ్ళికావాల్సిన పిల్ల పేరు గవర్నమెంటు కాగితాల మీద తిరగడమేంటి" అని నాన్న కలం లాక్కున్నారు.

చివరికి ఉమామహేశ్వరం గారే ఉపాయం చెప్పారు. "పెద్దోళ్ళ సంతకాలెందుకమ్మా, గవర్నమెంటు పేదోళ్ళ మాట వింటది. వీధిలోకొచ్చే తట్టలోళ్ళ చేత, రిక్షావోళ్ళ చేత పెట్టించు."

మర్నాడు మీ అమ్మ వచ్చింది. "తెరేసమ్మా, కాలవ కంపు కొడుతోందని అర్జీ పెడుతున్నాం, సంతకం పెడతావా?" అన్నాను. అబద్ధం కాదు, కాలవ గురించి రెండు లైన్లు ఉన్నాయి. మీ అమ్మ ఏమందో తెలుసా?

"నా బోణీ నువ్వు సేత్తావు. నీ బోణీ నేను సెయ్యనా ఏటి? ఇటియ్యి."

చెయ్యి చీరకి తుడుచుకుని, కాగితం అరుగు అంచున పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని సంతకం చేసింది. వేలిముద్ర కాదు, సంతకం! ఎప్పుడు నేర్చుకుంది? ఆ వెనక తట్టలవాళ్ళందరూ "తెరేసప్ప పెట్టింది గదా" అని పెట్టేశారు. బోణీ మంచిది.

జాబితా ఆఫీసు బోర్డుకి అంటించారట. నేను చూళ్ళేదు.

మూడు పేజీల
కామేశ్వరి


పాండిచ్చేరి,
17 జూలై 1987

కామేశ్వరి గారికి,

మీరు చూడని జాబితాలో పదిహేడో పేరు తెరేసా.

అమ్మ పేరు రాసుకున్నారని ఏప్రిల్లోనే తెలుసు నాకు. చేతికి రాకుండా చెప్పుకుంటే నలుగురి నోట్లో పడుతుందని చెప్పలేదు. నువ్వు అర్జీ అన్నప్పుడైనా చెప్పాల్సింది. నా స్నేహితురాలి వీధి మీదికి మేమే వస్తున్నామని చెప్పుకోవడానికి సిగ్గేసింది. అది నా తప్పు.

ఇప్పుడు నీ తప్పు విను. గాలి బాగా తగిలే చోటంటే పిన్ని ఇంటి వీధి వరండా. దానికి గోడ ఒకవైపే. వెలుతురుకి కరువు లేదంటే తడికలో కన్నాలున్నాయని. అందులో అమ్మ, పిన్ని మేక, మా ఇంట్లో మిగిలిన రేకుపెట్టె. ఇదంతా నాకు అమ్మ చెప్పలేదు, మొన్న ఈస్టరుకి చెప్పకుండా వచ్చి, అమ్మ రేవులో ఉండగా నా కళ్ళతో చూసి వెళ్ళిపోయాను. వరద అయి పదకొండు నెలలైంది. నువ్వు ఆవిడని రోజూ పొద్దున్న చూస్తావు. "ఎలా ఉన్నావ్" అని అడిగి, జవాబు వినకుండా చేప తూకం చూస్తావు.

ఆ సంతకం ఎప్పుడు నేర్చుకుందని అడిగావుగా. పోయిన క్రిస్మసుకి అమ్మని ఇక్కడికి పిలిపించుకున్నప్పుడు నేను నేర్పాను. ఇల్లు ఇస్తే పట్టా తీసుకునేటప్పుడు వేలిముద్ర వెయ్యకూడదని, పలక మీద పదిహేను రోజులు దిద్దించాను. 'రే' దగ్గర చెయ్యి వణికేది. ఆ సంతకం కాగితం మీద ఆవిడ మొదటిసారి పెట్టింది నీ అర్జీకి. తనకి ఇల్లు వద్దని.

నీ ఇంగ్లీషు బాగుండే ఉంటుంది.

ఫిలోమినా


యానాం,
25 జూలై 1987

ఫిలూ,

నన్ను గారూ అనకు. తిట్టు, పడతాను.

నీ ఉత్తరం చదవగానే ముందు కోపమొచ్చింది, చెప్పేస్తున్నాను. నువ్వు రాసిందే నేను రాశానుగా అనుకున్నాను. ఆ కోపం ఆఫీసు బోర్డుదాకా నిలిచింది. పదిహేడో పేరు చూశాక పోయింది. నేను సంతకాలు పెట్టించిన నూట పన్నెండు మందిలో ఇరవై తొమ్మిది పేర్లు ఆ జాబితాలో ఉన్నాయి ఫిలూ.

ఉమామహేశ్వరం గారి దగ్గరికి వెళ్ళాను. అర్జీ వెనక్కి తీసుకుందామన్నాను. ఆయన పడక్కుర్చీలోంచి లేవకుండానే నవ్వారు.

"ఏట్లో వదిలిన కాగితప్పడవ వెనక్కొస్తదా అమ్మా? అయినా ఎందుకు తీసుకోవాలి? ఇళ్ళు రావాల్సినోళ్ళే వద్దని సంతకం పెట్టారు. అంతకంటే ఏం కావాలి మనకి!"

"మీకు ముందే తెలుసా, వాళ్ళ పేర్లు ఉన్నాయని?"

"జాబితా బోర్డు మీదుందిగదమ్మా. కళ్ళజోడున్నవాళ్ళకి కనపడదా?"

నేను కళ్ళజోడు పెట్టుకోను. అయినా నాకు కనపడలేదు.

కనకాలపేట వెళ్ళాను. మీ అమ్మ లేదు, రేవుకి వెళ్ళిందట. వరండాలో మేక ఉంది. రేకుపెట్టె మీద గోనె కప్పి ఉంది, పెట్టెకి తాళం లేదు. మీ పిన్ని తెరిచి చూపించింది. నీ సర్టిఫికెట్లు ప్లాస్టిక్ సంచిలో చుట్టి, దాని చుట్టూ మీ అమ్మ పండగ చీర. వరదలో ఆవిడ తెచ్చుకున్నవి ఆ రెండేనట.

ఇంకో మాట. ఇది నీకు చెప్పకుండా ఉండొచ్చు, ఎవరికీ తెలియదు. గాలీ వెలుతురూ అని ఒక పేరా రాశానన్నాను చూడు, అది వీధి కోసం కాదు. మా మేడ మీది గదికి ఒక్కటే కిటికీ. అందులోంచి ఏరు కనిపిస్తుంది. సాయంత్రం ఎదుర్లంక నించి వచ్చే లాంచీ చూస్తూ, ఏదో ఒకరోజు అందులో ఎక్కి పోతానని అనుకుంటూ ఉంటాను. ఆ ఇళ్ళు లేస్తే లాంచీ కనపడదు. మీ అమ్మ గోడలు నా కిటికీకి అడ్డమని, మూడు పేజీల్లో అన్నిటికంటే బాగా రాసిన పేరా అదే.

వీధివాళ్ళని చూసి నవ్వుకుంటూ నీకు రాశాను. వాళ్ళైనా నయం. వాళ్ళకి ఇంగ్లీషు రాదు.

వచ్చే నెల పద్నాలుగో తేదీన పాండిచ్చేరి నించి ఆఫీసరు విచారణకి వస్తాడట. ఏం చెయ్యమంటావు?

కామేశ్వరి


పాండిచ్చేరి,
3 ఆగస్టు 1987

కామేశ్వరీ,

నన్ను అడగకు. అమ్మని అడుగు. ముందు పాత అర్జీ మొత్తం తెలుగులో చదివి వినిపించు. మింగెయ్యకుండా. కిటికీ పేరా కూడా. ఆవిడ ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపు. ఆ తర్వాత ఆవిడ చెప్పింది రాయి, నువ్వు అనుకున్నది కాదు.

నాకు సెలవు దొరకలేదు.

ఫిలోమినా


యానాం,
19 ఆగస్టు 1987

ఫిలూ,

నువ్వు చెప్పినట్టే చేశాను. వరుసగా చెబుతాను.

ఏడో తేదీ పొద్దున్నే కనకాలపేట వెళ్ళి, మీ అమ్మ తట్ట ఎత్తుకోకముందే పట్టుకున్నాను. వరండాలో కూర్చోబెట్టి, నా దగ్గరున్న నకలు తెలుగులో చదివాను. పారిశుద్ధ్యం దగ్గర తలూపింది. అంబులెన్సు దగ్గర నవ్వింది. "సుఖంగా ఉన్నారు" దగ్గర చెయ్యెత్తింది.

"ఆగమ్మా. ఎవరు సుకంగా ఉన్నారు?"

"మీరు."

"ఎవరు సెప్పేరు?"

"ఫిలోమినా రాసింది."

మేక తాడు దగ్గరికి లాగి కట్టింది. "దానికి నేనే సెప్పేను," అంది. "పిన్ని బాగా సూత్తంది, సుకంగా ఉన్నానని ఉత్తరం రాయించేను. సదూకునే పిల్లకి మేక సంగతి రాయిత్తామా ఏటి?"

నువ్వు చూసేశావని ఆవిడకి తెలియదు ఫిలూ. నువ్వూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ముగ్గురు ఆడవాళ్ళం ఒకరి పరువు ఒకరం కాపాడుకుంటూ ఇల్లు పోగొట్టుకోబోయాం.

కిటికీ పేరా కూడా చదివాను. అది నాదేనని చెప్పాను. నన్ను కొడుతుందేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"గాలి కావాలంటే మాయింటికి రా. ఇక్కడ బోలెడు," అంది. ఆ తర్వాత, "వీది ఇరుకని రాసేవు గదా. ఎందుకిరుకో రాసేవా?" అని అడిగింది.

"లేదు."

"మాయమ్మ రోజుల్లో రెండు తట్టలు ఎదురైతే రెండూ ఆగకుండా పోయేయి. ఇప్పుడొకత్తి ఆగాల. వీది సన్నబడతదా ఏటి, ఎండిన మెత్తళ్ళ సేపల్లాగ? కొలమను. అటు గోడ నించి ఇటు గోడకి కొలమను. అరుగుల నించి కాదు. అది రాయి."

రాశాను. ఈసారి ఒక్క పేజీ. పాత అర్జీ కాలవ గురించని చెప్పి సంతకాలు పెట్టించానని, ఆ పని చేసింది నేనేనని రాశాను. మా ఇళ్ళు మాకు కావాలని వాళ్ళ మాటగా రాశాను. వీధి కొలవమని రాశాను. అదీ చదివి వినిపించాను, రెండుసార్లు. కలం చేతికివ్వబోతే ఆవిడ తీసుకోలేదు.

"పోయినసారి బోణీ నేను సేసేను. ఈసారి నువ్వు సెయ్యి."

నాన్న గుర్తొచ్చారు. రామచంద్రపురం గుర్తొచ్చింది. పెట్టాను. కామేశ్వరి, ఇంటిపేరుతో సహా. నా కింద మీ అమ్మ. 'రే' దగ్గర చెయ్యి వణకలేదు. సాయంత్రానికి ఇరవై తొమ్మిది మందీ పెట్టారు, ఒక్కొక్కరికీ చదివి వినిపించాకే. "ఈసారేం దాసేవమ్మా?" అని ఒకామె అడిగింది. అడగాల్సిందే.

పద్నాలుగున ఆఫీసరు వచ్చాడు. తమిళాయన, వచ్చీరాని తెలుగు మెత్తగా మాట్లాడతాడు. రెండు అర్జీలూ పక్కపక్కన పెట్టుకుని, దస్తూరీ చూసి, "రెండూ ఒకరే రాశారా?" అని ఇంగ్లీషులో అడిగాడు. నేనేనన్నాను. "మొదటిదాంట్లో మీ సంతకం లేదే?" అన్నాడు. "అది రాసేటప్పుడు పెళ్ళికావాల్సిన పిల్లనండీ" అన్నాను. ఆయనకి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. మీ అమ్మని, తక్కినవాళ్ళని ఒక్కొక్కరినే పిలిచి అడిగి రాసుకున్నాడు.

తర్వాత టేపు తీయించాడు.

ఫిలూ, ఆ పూట నువ్వుండాల్సింది! వీధి పదకొండు అడుగులు, నేను రాసినట్టే. పాత ప్లానులో ఇరవై రెండు. మిగతా పదకొండూ ఎక్కడికి పోయాయో వెతకడానికి పెద్ద తెలివి అక్కర్లేదు, అందరూ వాటిమీదే కూర్చుని ఉన్నారు. ఒక్కో అరుగు మీదా సుద్దతో గీత గీసుకుంటూ పోయారు. ఉమామహేశ్వరం గారి పడక్కుర్చీ మొత్తం గీతకి వీధి వైపే పడింది.

"ఇదన్యాయమండీ! మా దొర కాలం నించీ ఉన్న అరుగు!" అన్నారాయన.

ఆఫీసరు ప్లాను విప్పి కింద సంతకం చూపించాడు. "మీ దొర గీసిందే సార్ ఇది."

ఊరు కిక్కిరిసిపోయిందని అర్జీ పెట్టుకుని, కొలిపించుకుని, సొంత అరుగులు పోగొట్టుకున్న వీధి ఇంకోటి ఉంటుందా? ఇప్పుడు మా అరుగు మీద మీటింగులు లేవు. సగం అరుగు ఎవరిదో తెలియదు కదా. గీత మా అరుగు నడిమధ్యగా పోయింది. నాన్న నాతో మాట్లాడడం మానేసి ఆరో రోజు. ఈసారి ప్రశాంతంగా ఏమీ లేదు. నిన్న అన్నం వడ్డిస్తుంటే కంచం కొద్దిగా ముందుకి జరిపారు, అంతే.

జాబితా మారదని ఆఫీసరు అందరి ముందూ చెప్పి వెళ్ళాడు. నేను చెప్తే నమ్మక్కర్లేదు, మీ అమ్మ చెప్పమన్న మాట రాస్తున్నాను: "పదిహేడో మేకు కదపలేదు. రోజూ ఎల్లి సూసొత్తన్నాను. ఇంకెప్పుడూ సుకంగా ఉన్నానని రాయించను, నువ్వూ రాయకు."

ఇవాళ పొద్దుటి సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. మీ అమ్మ వచ్చింది. తట్టలో పులస. కాలవ పక్కన నిలబడలేదు. గీత దాకా చూసుకుని, మెట్టెక్కి, తట్ట దింపి, అరుగు మీద గీతకి వీధి వైపున కూర్చుంది. నీడ ఉంది అక్కడ. మామ్మ చెంబుతో బయటికొచ్చి అలాగే నిలబడిపోయింది.

"వీదేనంటగా మామ్మగోరూ," అంది మీ అమ్మ, చీర కొంగుతో మొహం తుడుచుకుంటూ. "తమరి అరుగు ఆ గీత కాణ్ణించీ. ఎక్కడ కడుక్కుంటారో కడుక్కోండి."

మామ్మ చెంబు కేసి చూసింది, గీత కేసి చూసింది, తట్టలో పులస కేసి చూసింది. చెంబు లోపల పెట్టి వచ్చింది.

మీ అమ్మ నా వైపు తిరిగింది. "ఏటమ్మా, అలా సూత్తావు? కిందికి రా. పక్కన కూకో. బోణీ సెయ్యి."

వెళ్ళి కూర్చున్నాను. మొదట ఎలా ఉన్నావని అడిగాను. ఈసారి జవాబు అయ్యేదాకా చేప ముట్టుకోలేదు. చాలాసేపు పట్టింది.

కామూ